అరవడం నేర్చుకున్న ఏడాది

మా ఇంట్లో ఎవరూ గొంతెత్తి మాట్లాడరు. పాలు పొంగి స్టవ్ మీద పడినా, నాకు కెమిస్ట్రీలో సి గ్రేడు వచ్చినా, అమ్మ కొత్త కారుని తీసుకెళ్ళి గ్యారేజ్ తలుపుకి గుద్దినా అంతే. ఇది మా నాన్న పెట్టిన ఒకే ఒక్క రూలు. హైస్కూల్లో ఉండగా మా ఇంటికొచ్చిన స్నేహితురాలు ఒకతి, ఇంట్లో ఎవరైనా పడుకున్నారా అని గుసగుసగా అడిగింది. నిజానికి అప్పుడు పక్కగదిలో మా అమ్మా నాన్నా పోట్లాడుకుంటున్నారు.

నా పదకొండో ఏట మేం అమెరికాలో క్యారీ అనే ఊరికి వచ్చాం. నాన్న మందుల కంపెనీలో కెమిస్టు. చదువయ్యాక నేనూ ఆయన దారిలోనే ఒక ల్యాబ్‌లో చేరి, మాత్రలు నీళ్ళలో ఎంతసేపటికి కరుగుతాయో చూసి రాసుకునే పనిలో నాలుగేళ్ళు గడిపాను. ఆ పని అవసరమైనదే, ఎవరో ఒకరు చెయ్యాల్సిందే. ఆ ఎవరో ఒకరు నేను కాకపోతే బావుండునని మాత్రం రోజూ అనిపించేది. నాకు ముక్కు మీద కోపం. దాన్ని ఇంట్లో చూపించడానికి వీల్లేదు, మాత్రల మీద చూపించి ప్రయోజనం లేదు.

ఊళ్ళో అందరి ఉద్యోగాలూ ఊగుతున్న రోజుల్లో మా ల్యాబ్ మూతపడింది. పార్టీల్లో కలిసిన అంకుల్స్ తలా ఒక సలహా ఇచ్చారు. ఒకాయన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోమన్నాడు. ఇంకొకాయన ఫార్మసీ చదవమన్నాడు. మూడో ఆయన తన మేనల్లుడి ఫోన్ నంబరు ఇచ్చాడు. నేను వాళ్ళెవరికీ చెప్పకుండా మా రాష్ట్ర హైవే పెట్రోల్‌కి దరఖాస్తు పెట్టాను. పెద్ద రోడ్ల మీద స్పీడుగా పోయే కార్లని ఆపేదీ, యాక్సిడెంటయితే ముందుగా వచ్చేదీ ఈ పోలీసులే. ఇక్కడ వాళ్ళని ట్రూపర్లంటారు.

ఎందుకని తర్వాత చాలామంది అడిగారు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పాను. అసలు సంగతి ఇది. అంతకు రెండేళ్ళ ముందు పెద్ద వానలో నా కారు జారి, రోడ్డు మధ్యలో ఉండే గడ్డిలోకి పోయి కూరుకుపోయింది. దెబ్బలేం తగల్లేదు కానీ నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడొక ట్రూపర్ వచ్చాడు. కారుని లాగే టో ట్రక్ వచ్చేదాకా ఆ మనిషి వానలో నా కిటికీ పక్కనే నిలబడి, వాళ్ళ కుక్క ఒంటిసబ్బు తినేసి రెండ్రోజులు నురగలు కక్కిన కథ చెప్పాడు. టోపీ అంచు నుంచి నీళ్ళు ధార కడుతున్నా చెప్పడం ఆపలేదు. ఇలాంటి పని కూడా ఒకటి ఉందన్నమాట అనుకున్నాను. ఆ మర్నాటి నుంచి ల్యాబ్‌లో మాత్రలు మరీ నెమ్మదిగా కరగడం మొదలుపెట్టాయి.

సెలక్షన్ లెటర్ వచ్చిన శనివారం పొద్దున నాన్న వంటింట్లో బెండకాయలు తరుగుతున్నారు. కెమిస్టు కదా, ఆయన తరిగితే ముక్కలన్నీ కొలిచినట్టుంటాయి.

"నాన్నా, నాకు హైవే పెట్రోల్‌లో జాబ్ వచ్చింది."

"అంటే, రోడ్లేసే డిపార్ట్‌మెంటా?"

"కాదు నాన్నా. పోలీస్."

కత్తి ఆగింది. పక్కన ఇడ్లీ పిండి కలుపుతున్న అమ్మ గరిటె కూడా ఆగింది. నాన్న కత్తి కింద పెట్టి, చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"మీ తాతగారేం చేసేవారో తెలుసు కదా?"

తెలుసు. నాన్నవాళ్ళ నాన్న హెడ్ కానిస్టేబుల్. నేను పుట్టకముందే పోయారు. ఇంట్లో ఆయన ఫొటో ఒకటుంది కానీ ఆయన గురించి మాటలు లేవు.

"స్టేషన్‌లో దొంగల మీద అరిచిన గొంతుతోనే ఇంటికొచ్చి మంచినీళ్ళడిగేవారు. పండగనాడూ అదే గొంతు, మా చెల్లికి జ్వరమొచ్చినా అదే గొంతు. ఆయన చెడ్డాయన కాదమ్మా. ఒక్కసారి పైకి లేపిన గొంతు దించుకోవడం ఆయనకి చేతకాలేదు, అంతే. పాతికేళ్ళు వచ్చేదాకా నేను ఎవరి కళ్ళలోకీ చూసి మాట్లాడలేదు. నువ్వు అరవలేవు. నిన్ను అలా పెంచాను. ఒకవేళ అరవడం నేర్చుకున్నావే అనుకో, ఇంక అది నిన్ను వదిలిపెట్టదు" అన్నారు.

వద్దని మాత్రం అనలేదు. వెళ్ళి మళ్ళీ బెండకాయలు తరిగారు. ఆ రోజు ముక్కలు చిన్నాపెద్దా అయ్యాయి. నాకు కోపమొచ్చింది, భయమూ వేసింది. అరవడం రాకపోతే ఉద్యోగం పోతుంది. వస్తే ఈయన నాకు దూరమైపోతారు. రెండిట్లో ఏది జరిగినా నాకు నష్టమే.

అమ్మ మాత్రం తన దారి తను చూసుకుంది. అడిగిన ఆంటీలందరికీ "స్టేట్ గవర్నమెంట్‌లో జాబండీ, బెనిఫిట్స్ చాలా బావుంటాయట" అని చెప్పేది. ఏ డిపార్ట్‌మెంట్ అంటే, "ట్రాన్స్‌పోర్టేషన్ సైడు" అనేది. అబద్ధమని నేను అంటే, "రోడ్డు మీదే కదే నీ పని" అనేది.

శిక్షణ ఆరు నెలలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడే ఉండాలి. మా బ్యాచ్‌లో ఆడవాళ్ళం ముగ్గురం, నాలాంటి మొహం నాదొక్కటే. బూట్లలో మన మొహం కనపడేంతగా పాలిష్ చెయ్యడం, తెల్లవారుతూనే మైళ్ళకి మైళ్ళు పరిగెత్తడం, చట్టాలు బట్టీ పట్టడం. చదువు నాకు కష్టం కాలేదు. డ్రైవింగ్ ట్రాక్ మీద చాలామంది కంటే నేనే నయం. కళ్ళలో మిరియపు స్ప్రే కొట్టిన రోజు పెద్దపెద్ద మగాళ్ళు నేల మీద పడి దొర్లారు. నాకూ మండింది, కానీ ఆవకాయ కలిపిన చేత్తో కళ్ళు నులుముకున్న అనుభవం చిన్నప్పటి నుంచీ ఉంది కాబట్టి నిలబడగలిగాను. ఆ రోజు నన్ను చూసి ఇన్‌స్ట్రక్టర్ మొదటిసారి తలూపాడు.

గొంతు దగ్గరే వచ్చింది చిక్కంతా. అందరితో కలిసి "సర్, ఎస్ సర్" అని అరిచేటప్పుడు నా నోరు కదిలితే సరిపోయేది. ఇన్‌స్ట్రక్టర్ అంత తెలివితక్కువవాడు కాదు. ఒకరోజు నన్ను మైదానం ఈ చివర నిలబెట్టి, ఇంకొకణ్ణి ఆ చివర నిలబెట్టి, నా మాట విని వాడు కుడికో ఎడమకో తిరగాలన్నాడు. నేను అరిచాను. అరిచానని నేననుకున్నాను. వాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని పాపం అలాగే నిలబడిపోయాడు. మిగతావాళ్ళు నవ్వు ఆపుకోలేక నానా తంటాలూ పడ్డారు. నాకు తల కొట్టేసినట్టయింది.

శనాదివారాల్లో ఇంటికొచ్చి ప్రాక్టీస్ చేద్దామంటే ఇంట్లో కుదరదు. ఇండియన్ గ్రోసరీ స్టోర్ వెనక పార్కింగ్‌లో కారు పెట్టి, అద్దాలన్నీ మూసి, "స్టాప్! షో మీ యువర్ హ్యాండ్స్!" అని స్టీరింగ్ మీద అరిచేదాన్ని. ఒకసారి ఎవరో అద్దం మీద టకటకా కొట్టారు. చూస్తే అమ్మ స్నేహితురాలు, చేతిలో కరివేపాకు కవరు.

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా? ఎవరితోనమ్మా ఆ గొడవ?"

"ఫోన్‌లో, ఆంటీ."

"ఇన్సూరెన్స్ వాళ్ళేనా? వాళ్ళతో అలాగే ఉండాలి" అని ధైర్యం చెప్పి వెళ్ళిపోయింది.

ఎలాగో బొటాబొటీ మార్కులతో గట్టెక్కాను. పట్టా ఇచ్చేరోజున మన బ్యాడ్జిని ఇంట్లోవాళ్ళలో ఎవరో ఒకరు వచ్చి చొక్కాకి పెట్టాలి. అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చి పెట్టింది, పిన్ను నాకు గుచ్చుకుంది కూడా. నాన్న హాల్లోకి రాలేదు. పార్కింగ్ దొరకలేదు, అందుకే కార్లో కూర్చున్నానన్నారు. నేను బయటికొచ్చి చూస్తే పార్కింగ్ సగానికి సగం ఖాళీగా ఉంది. నేనేం మాట్లాడలేదు. మా ఇంట్లో పోట్లాటలు అలాగే జరుగుతాయి.

బ్యాడ్జి వచ్చినా పని అయిపోయినట్టు కాదు. మూడు నెలలు ఒక సీనియర్ ట్రూపర్ పక్క సీట్లో కూర్చుని మన పని చూస్తాడు. ఆయన సరేనంటేనే మనకి ఒంటరిగా కారిస్తారు. నాకు దొరికినాయన పొగాకు రైతుల కుటుంబం నుంచి వచ్చినవాడు, యాభై దాటినవాడు, మితభాషి. వేరుశనగపప్పు కోలా సీసాలో పోసుకుని తాగుతూ నములుతూ ఉండేవాడు. మొదట్లో చూసి ఇదేం తిండిరా దేవుడా అనుకున్నాను. నెల తిరిగేసరికి నేనూ అదే తాగుతున్నాను.

రోజూ డ్యూటీ అయ్యాక ఆయన ఒక కాగితం నింపేవాడు. డ్రైవింగ్, చట్టం, రిపోర్టు రాయడం, అన్నీ బాగానే ఉండేవి. "మనుషుల్ని అదుపులో పెట్టడం" అన్న చోట మాత్రం ప్రతిరోజూ అట్టడుగు మార్కే. ఆయన తప్పేం లేదు. నేను ఆపినవాళ్ళు నా మాట వినిపించుకునేవాళ్ళు కాదు. ఒక ట్రక్ డ్రైవర్ నేను మాట్లాడుతుండగానే ఫోన్ ఎత్తి వాళ్ళావిడతో కబుర్లు మొదలుపెట్టాడు. "ప్లీజ్ సర్, ఫోన్ పెట్టెయ్యండి" అంటే వేలు చూపించి, ఒక్క నిమిషం అన్నాడు. నేను ఒక్క నిమిషం ఆగాను కూడా! ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడో నెల చివర ఆయన కారు పక్కకి ఆపించి, సీసా పక్కన పెట్టి, మెల్లగా చెప్పాడు. నేను మంచిదాన్నట, తెలివైనదాన్నట. కానీ ఈ రోడ్డు మీద సాయానికి ఇంకో కారు రావాలంటే ఇరవై నిమిషాలు పడుతుందట. ఆ ఇరవై నిమిషాలూ మన దగ్గర ఉండేది గొంతొక్కటేనట. ఇంకో రెండు వారాలు టైమిస్తానన్నాడు. అప్పటికీ ఇలాగే ఉంటే, ఈ పనికి పనికిరానని రాయక తప్పదన్నాడు. రాయడం తనకి ఇష్టం లేదని కూడా చెప్పాడు. ఆయన మొహం చూస్తే నిజమేననిపించింది. నాకు కోపమొచ్చి ఉంటే బావుండేది కానీ ఏడుపొచ్చింది.

ఆ రెండు వారాల్లో తొమ్మిదో రోజు, ఆదివారం మధ్యాహ్నం. చలికాలం మొదట్లో వచ్చే తెల్లటి ఎండ. ఒక బూడిదరంగు మినీవ్యాన్ మమ్మల్ని దాటుకుని దూసుకుపోయింది. స్పీడ్ చూసి లైట్లు వేసి వెంటపడ్డాను. బుద్ధిగానే పక్కకి ఆగింది, కాకపోతే ఎడం చక్రాలు తెల్లగీతకి మరీ దగ్గరగా ఉన్నాయి. నేను కారు దిగానో లేదో వ్యాన్ తలుపు తెరుచుకుంది.

ఇక్కడ పోలీసు ఆపితే కారు దిగకూడదు. చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చోవాలి. దిగి ఎదురొచ్చేవాడంటే తెగించి వచ్చేవాడని మాకు మొదటి వారంలోనే నూరిపోస్తారు. అలా ఎదురొచ్చినవాళ్ళ చేతుల్లో చనిపోయిన ట్రూపర్ల వీడియోలు చూపిస్తారు. నేను అవి చూసిన రాత్రి అన్నం తినలేదు.

వ్యాన్‌లోంచి దిగింది ఒక పెద్దాయన. చేతితో అల్లిన స్వెటర్, మెడకి మఫ్లర్. ఎడం చేతిలో పారదర్శకమైన ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో కాగితాలు. ఆ ఫోల్డరు చూడగానే మనవాళ్ళని తెలిసిపోయింది. అలాంటిది మా ఇంట్లోనూ ఉంది, మా ముగ్గురి సర్టిఫికెట్లూ, ఫొటోకాపీలూ, ఫొటోకాపీల ఫొటోకాపీలూ అందులోనే ఉంటాయి. పెద్దాయన మొహం నిండా మర్యాద. నడుం కొంచెం వంచి, మా వైపే వస్తున్నాడు. పక్కనుంచి ట్రక్కులు రయ్యిమని పోతున్నాయి.

"సర్, గెట్ బ్యాక్ ఇన్ ద కార్!" అన్నాను. వినపడలేదు. మళ్ళీ అన్నాను. ఈసారి ఏదో అంటున్నానని మాత్రం అర్థమైంది ఆయనకి. తొందరపెడుతున్నాననుకున్నాడు. నడక కాస్తా పరుగులాంటిది అయింది. కుడిచెయ్యి స్వెటర్ లోపలికి పోయింది.

నా కుడిపక్కన తలుపు చప్పుడైంది. మా సీనియర్ దిగాడు. ఆయన చేతిలో తుపాకీ ఉంది, ఇంకా కిందికే ఉంది. ఆయనకి కనపడుతున్నది ఆగమంటే ఆగకుండా స్వెటర్‌లో చెయ్యిపెట్టి పరుగున వస్తున్న మనిషి. ఆయన్ని తప్పుపట్టలేను. ఎందుకంటే అప్పుడే నా చెయ్యి ఎక్కడుందో కూడా నాకు తెలిసింది. నా తుపాకీ ఒర మీది పట్టీ నా వేళ్ళే విప్పేశాయి. మా నాన్నలాగే ఉన్న మనిషిని చూస్తూ, ఎవరూ చెప్పకుండానే, విప్పేశాయి.

"ఆగండి! అక్కడే ఆగండి! చెయ్యి కదపకండి!"

ఆ గొంతు నాదేనని నాకు ఒక క్షణం పాటు తెలీలేదు. కడుపులోంచి వచ్చింది. తెలుగులో వచ్చింది. ట్రక్కుల మోతని కోసుకుంటూ పోయింది. పెద్దాయన ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు.

"చెయ్యి ఖాళీగా, మెల్లగా బయటికి తియ్యండి! రెండు చేతులూ పైకెత్తండి!"

ఎత్తాడు. ఫోల్డరు జారి కిందపడి, ట్రక్కు గాలికి కాగితాలన్నీ రోడ్డు పక్క గడ్డిలోకి ఎగిరాయి. వ్యాన్‌లో ముందు సీట్లో ఉన్న పెద్దావిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. రెండడుగులు పక్కకి వెయ్యమన్నాను, వేశాడు. రోడ్డు అంచున ఉన్న ఇనప కమ్మీ అవతలికి వెళ్ళమన్నాను, వెళ్ళాడు. చెప్పిన ప్రతి మాటా విన్నాడు. ఆయన జేబు నేనే చూశాను. చొక్కా జేబులో కొత్త డ్రైవింగ్ లైసెన్సు, పక్కనే చిన్న దేవుడి ఫొటో.

"తెలుగు పిల్లవా?" అన్నాడు. చేతులింకా పైనే ఉన్నాయి. మొహంలో కోపం లేదు. భార్య ముందు అవమానం జరిగిన మనిషి మొహం అది. నేను దించుకోమన్నాక దించుకుని అన్నాడు: "గంతగనం ఒర్లినవేంది బిడ్డా? మా దిక్కు పోలీసోళ్ళు ఆపితె దిగి ఎదురు పోవాలె. కూసోనే ఉంటె, ఎంత బలుపురా అని ఇంక రెండు తంతరు. ఆడపిల్లవు, అంత దూరం నడుసుకుంట రావాల్నా అని నేనే వచ్చిన."

నాకు శ్రమ తప్పిద్దామని వచ్చాడు.

"మీ జేబులో ఏముందో మాకెలా తెలుస్తుందండీ?"

"లైసెన్సున్నది."

"అది మీకు తెలుసు. మాకు తెలీదు."

ఆయన నా వైపు చూశాడు. నా నడుం వైపు చూశాడు. తర్వాత గడ్డిలో వంగి కాగితాలు ఏరుతున్న మా సీనియర్ వైపు చూశాడు. సంగతి మెల్లగా ఎక్కింది. కమ్మీ మీద కూలబడ్డాడు. వ్యాన్ కిటికీలోంచి పెద్దావిడ, "ఏమన్నది? ఏమన్నదయ్యా పిల్ల?" అని అడుగుతూనే ఉంది.

మా సీనియర్ కాగితాలన్నీ ఏరి, తొడకి కొట్టి మట్టి దులిపి, అంచులు సరిచేసి ఫోల్డరులో పెట్టి ఆయన చేతికిచ్చాడు. టికెట్ రాయాలో వద్దో నన్నే తేల్చుకోమన్నాడు. రాశాను. స్పీడు స్పీడే. పెద్దాయన కూడా "రాయి బిడ్డా, తప్పు తప్పే" అన్నాడు. సంతకం పెడుతూ అడిగాడు.

"మీ నాయినకు ఎరికేనా, నువ్వీ పని జేస్తున్నట్టు?"

"తెలుసండీ."

"ఏమంటడు?"

టికెట్ కాపీ చింపి ఆయన చేతిలో పెట్టాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ రోజు సాయంత్రం మా సీనియర్ కాగితం నింపుతూ, నువ్వు మొదట అరిచిన ఆ మాటకి అర్థమేంటి అన్నాడు. చెప్పాను. తనకా భాష రాదు కానీ, ఆ మాట విని తనూ ఆగిపోయానని చెప్పి, అట్టడుగున పడే మార్కుని ఆ రోజు పైన వేశాడు. వారం తర్వాత నాకు ఒంటరిగా కారిచ్చారు. అందరూ అభినందించారు. నేను నవ్వాను. కానీ మనసులో ఒకటే గుబులు. నాన్న చెప్పినట్టే గొంతు వచ్చేసింది, చెయ్యి కూడా దానంతటదే కదలడం నేర్చుకుంది. నాలో ఇంకేం మారిందో, ఎంతవరకు మారుతుందో నాకు తెలీదు.

సెలవు రోజున ఇంటికెళ్ళి నాన్నకి చెప్పాను. దాచాలనుకున్నాను, చేతకాలేదు. పెద్దాయన మీద అరిచానని చెప్పాను. నా వేళ్ళు పట్టీ విప్పిన సంగతి కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు ఏడ్చాను.

"ఆయన ఇంటికి వెళ్ళాడా?" అన్నారు నాన్న.

"వెళ్ళారు నాన్నా. టికెట్ తీసుకుని, జాగ్రత్తగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళారు."

"మా నాన్న అరుపు వల్ల ఎవరైనా క్షేమంగా ఇంటికి వెళ్ళారని నేనెప్పుడూ వినలేదు" అన్నారు. లేచి మేడ మీదికి వెళ్ళిపోయారు. అది మెచ్చుకోవడమో, తిట్టడమో నాకు అంతుపట్టలేదు. వారం పాటు ఆ మాటే చెవిలో జోరీగలా తిరిగింది.

ఆ తర్వాత తెలిసింది, ఆయన గుడి కమిటీ వాళ్ళ దగ్గరికి వెళ్ళారని. ఎవరితోనూ పని పెట్టుకోని మనిషి, పిలిస్తే తప్ప పలకని మనిషి, వెళ్ళి హాలు అడిగారట. పిల్లల దగ్గరకి వచ్చిన అమ్మానాన్నలకి, కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్ళకి పోలీసు ఆపితే ఎలా ఉండాలో తెలుగులో చెప్పాలన్నారట. ఎవరు చెప్తారంటే, మా అమ్మాయి అన్నారట. ఈ సంగతి అమ్మే నాకు ఫోన్‌లో చెప్పింది. "ఇంక ట్రాన్స్‌పోర్టేషన్ సైడు అని చెప్పడానికి వీల్లేదే నాకు" అని నవ్వింది.

వేసవి మొదట్లో ఒక ఆదివారం, భోజనాలయ్యాక పెట్టారు. హాలు నిండింది. నేను యూనిఫాంలో వెళ్ళాను. మీలో ఎంతమంది కారు దిగుతారని అడిగితే సగానికి పైగా చేతులు లేచాయి. "దిగకపోతే మర్యాదగా ఉండదు కదమ్మా" అంది ముందు వరసలో ఒకావిడ. సరే, చేసి చూపిద్దాం, ఎవరైనా డ్రైవర్‌గా రండి అన్నాను. ఒక్కరూ కదల్లేదు. భార్యల ముందు ఒక ఆడపిల్ల చేత కేకలేయించుకోవడం ఎవరికి ఇష్టం? అప్పుడు పక్క వరసలోంచి నాన్న లేచారు. కుర్చీ లాక్కుని మధ్యలో వేసుకున్నారు. స్టీరింగ్ కోసం వంటింట్లోంచి ఒక స్టీలు పళ్ళెం తెప్పించుకుని పట్టుకున్నారు. నన్ను యూనిఫాంలో ఆయన ఎదురుగా చూడటం అదే మొదటిసారి.

ముందు దిగినవాళ్ళకి ఏమవుతుందో చూపించాలి. నాన్న పళ్ళెం కుర్చీలో పెట్టి, చేతిలో ఫైలుతో నా వైపు నడిచారు. కుడిచెయ్యి జేబులోకి పోయింది. నేను అరవాలి. "ఆగండి నాన్నా" అన్నాను. మా ఇంటి గొంతే వచ్చింది. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. నడుస్తూ వచ్చి నాకు అడుగు దూరంలో నిలబడ్డారు.

"ఇక్కడిదాకా వచ్చేశాను. ఈపాటికి నేను బతికుంటానా?" అన్నారు మెల్లగా, నాకొక్కదానికే. తర్వాత వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చుని, పళ్ళెం పట్టుకుని, "ఇంకోసారి చేద్దాం. ఈసారి అరువు తల్లీ. వెనక వరసకి వినపడాలి" అన్నారు.

మళ్ళీ లేచారు. మళ్ళీ నడిచారు. చెయ్యి జేబులోకి పోయింది.

నేను అరిచాను. హాలు గోడలు అదిరాయి. నవ్వులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి, ఎక్కడో ఒక పసిపిల్ల ఏడుపు అందుకుంది. నాన్న ఉన్నచోటే ఆగి రెండు చేతులూ పైకెత్తారు. కళ్ళు మాత్రం నా కళ్ళలోకే చూస్తున్నాయి, పక్కకి తిప్పలేదు. అలా చేతులెత్తే ఉండి హాలు వైపు తిరిగి చెప్పారు: "ఈ అరుపు వినపడితే ఇలా ఆగిపోవాలండీ. ఆగితే ఇంటికి వెళ్తాం. ఈ పిల్ల మా అమ్మాయి."

ఆయన నా వైపు తిరిగారు.

"చేతులు దించొచ్చామ్మా?"

"దించండి నాన్నా" అన్నాను. ఆ మాట వినడానికి వెనక వరసలోవాళ్ళు ముందుకి వంగాల్సి వచ్చింది.